‘ఎవరివల్ల’ అనే గడి

కాకినాడ,
9 జూన్ 2024

చిరంజీవి ప్రణతికి,

“వచ్చే పిక్చర్ నీదే బావా” అని అప్పట్లో నిర్మాత అయిన మీ తాత వరప్రసాద్ నా చెయ్యి పట్టుకుని చెప్పి ముప్ఫై ఏళ్లు కావస్తోంది. ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ మెట్ల మీద చెప్పాడు. రెండో చేతిలో టీ గ్లాసు చల్లారిపోతున్నా నా చెయ్యి వదల్లేదు. ఆ పిక్చర్ ఇంతవరకూ రాలేదు. ఇది ముందే రాసేస్తున్నాను. నీకు జవాబిస్తున్న మనిషెవరో నీకు తెలియాలి కదా.

నీ ఉత్తరం అందింది. మీ ఇంట్లోంచి నా పేరిట ఉత్తరం రావడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. మీ విశాలాక్షి మామ్మ నాకు భార్యే కాదు, మీ తాతకి సొంత అక్క కూడా. ఆవిడ పోయినప్పుడు మీ తాత వచ్చాడు. వీధిలో నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మనలేదు. అదీ మా రెండు కుటుంబాల చరిత్ర.

షూటింగులకి కాల్షీట్లు సర్దే ప్రోగ్రాము రాస్తున్నావని రాశావు. ఏ నటుడు ఏ రోజు వస్తాడు, ఏ సెట్టు ఎప్పుడు ఖాళీ, వీటన్నిటికీ ముడి వెయ్యడం కో-డైరెక్టర్‌గా నేను జీవితమంతా చేసిన పనే. కానీ నీకు కావలసింది నా సలహా కాదట. “జరిగిన సంగతులు, ఒక్కోదానికి జవాబు” కావాలట. ప్రోగ్రాము పుట్టకముందే జవాబెందుకమ్మా? రష్యన్ నవలలు తెలుగులో అచ్చయినవన్నీ చదివాను, పురాణాలు చదివాను, చివరికి ఆదాయపు పన్ను చట్టం కూడా చదివాను. బిడ్డ పుట్టకముందే మార్కులు వేసే శాస్త్రం ఎక్కడా తగల్లేదు. వివరంగా రాయి.

ఫోన్ చెయ్యకు, చెవులు పనిచెయ్యవు. టైపు చేసి పంపకు, అచ్చయిన ఉత్తరం చూస్తే నాకు లాయరు నోటీసు గుర్తొస్తుంది.

నువ్వు అలా పిలిచావు కాబట్టి,
తాతయ్య
సూర్యప్రకాశరావు


జూబ్లీ హిల్స్,
18 జూన్ 2024

తాతయ్యకి నమస్కారాలు.

చేత్తో ఇంత రాయడం పదో తరగతి తర్వాత ఇదే. అక్షరాలు చూసి నవ్వకండి.

మా ఆఫీసు ఫిల్మ్ నగర్‌లోనే, ఒక టిఫిన్ సెంటర్ పైన. కిటికీలోంచి చూస్తే కారవాన్లు వరసగా ఆగి ఉంటాయి, వాటి వెనక షేక్‌పేట వైపు ఇళ్లు. మీరు చెప్పిన డబ్బింగ్ థియేటర్ కోసం వెతికాను. ఇప్పుడక్కడ జిమ్ ఉంది. మెట్లు మాత్రం పాతవే అని వాచ్‌మన్ అన్నాడు.

మీ ప్రశ్నకి జవాబు. మేం ముందు టెస్ట్ రాస్తాం. “సెట్టు సోమవారమే ఖాళీ. హీరో సోమవారం రాడు. షూటింగ్ కుదురుతుందా? కుదరదు. ఎవరివల్ల? హీరో.” ఇదీ ఒక టెస్ట్. ప్రోగ్రాము ఇంకా లేదు కాబట్టి టెస్ట్ ఫెయిలవుతుంది, కంప్యూటర్ తెర మీద ఎర్రగీత వస్తుంది. ఆ ఎర్రగీత పచ్చగా మారడానికి ఎంత అవసరమో అంతే కోడ్ రాస్తాం. తర్వాత పచ్చ చెదరకుండా లోపల శుభ్రం చేసుకుంటాం. మళ్లీ ఇంకో టెస్ట్. జవాబు ముందెందుకంటే, కోడ్ రాసేశాక అది ఏం చెబితే అదే సరైన జవాబని మనకి మనం నచ్చచెప్పుకుంటాం. ముందు రాసిపెట్టుకుంటే ఆ వీలుండదు.

మొదటి టెస్ట్ కోసం నేను రాసిందేంటో చెబితే తిడతారు. ఏది అడిగినా “కుదరదు, హీరో వల్ల” అనే ఒకే ఒక్క లైను. పచ్చగీత వచ్చేసింది.

అందుకే మీ దగ్గర నిజంగా జరిగినవి కావాలి. నా ఊహలోవన్నీ సోమవారాలూ మంగళవారాలే.

మీ
ప్రణతి


కాకినాడ,
29 జూన్ 2024

చిరంజీవి ప్రణతికి,

తిట్టను. ఏది అడిగినా “కుదరదు, హీరో వల్ల” అని చెప్పి ఫిల్మ్ నగర్‌లో రిటైరైన ప్రొడక్షన్ మేనేజర్లని నేనెరుగుదును. నీ ఒక్క లైను సెట్టులో ముందుగోడ లాంటిది. గుమ్మం, కిటికీ, తులసికోట అన్నీ ఉంటాయి. వెనక్కి వెళితే సరుగుడు బాదులు, మేకులు. ఇలా కట్టినదాన్ని ఇల్లంటావా?

ఇంకో అనుమానం. ఎర్రగీతలు వస్తున్నాయని అంత హాయిగా రాశావు. మీ పైవాళ్లు చూస్తున్నారా? ఉద్యోగం ఊడదు కదా? మీ నాన్నకి తెలుసా?

సరే, కేసులు. మొదటిది. ఒక హాస్యనటుడు, పేరు విడిగా చీటీ మీద రాశాను. ఒకే రోజుకి రెండు స్టూడియో ఫ్లోర్లలో రెండు సినిమాలకి కాల్షీటు ఇచ్చాడు. పొద్దున్న ఇక్కడ మీసంతో, మధ్యాహ్నం అక్కడ మీసం లేకుండా. సాయంత్రం మళ్లీ మొదటి ఫ్లోరుకి రావాలి. మీసం? జవాబు: కుదరదు. ఎవరివల్ల: మీసం తీసిన రెండో దర్శకుడి వల్ల. పోయాడు, పుణ్యాత్ముడని అందరూ రాశారు. నేను రాయను.

రెండోది. నిర్మాతగారి జ్యోతిష్యుడు మంగళవారం క్లాప్ కొట్టొద్దన్నాడు. నదీతీరంలో పర్మిషన్ మంగళవారానికే ఇచ్చారు. జవాబు: కుదురుతుంది. సోమవారం సాయంత్రం కొబ్బరికాయ కొట్టి ఒక షాట్ తీసి, మంగళవారం నాటిది కొనసాగింపని జ్యోతిష్యుడి చేతే చెప్పించాను. ఆ తెలివికి శాలువా నిర్మాతకి కప్పారు.

మూడోది. హీరోయిన్ వస్తానంది, వాళ్ల అమ్మ రానివ్వనంది. ఇలాంటి చోట హీరోయిన్ పేరు ‘ఎవరివల్ల’ గడిలో రాసి, ఆ పిల్లని పొగరుబోతని ప్రచారం చేశారు. అడగాల్సింది అమ్మని. ఎవరూ అడగలేదు.

ఆ గడి నాకు బాగా నచ్చింది. నా ఉద్యోగంలో అదొక్కటే లేదు.

తాతయ్య


జూబ్లీ హిల్స్,
14 జులై 2024

తాతయ్యకి,

ఉద్యోగం ఊడదు. ఎర్రగీత తిట్టు కాదు తాతయ్యా, “ఇక్కడ ఇంకా కట్టలేదు” అని చెప్పే గుర్తు. అది లేకుండా ముందే పచ్చగా ఉంటేనే భయపడాలి.

ముందుగోడ మాట నిజం. కానీ రెండో టెస్ట్‌లో “కుదురుతుంది” అని రావాలన్నారు, నా ఒక్క లైను కూలిపోయింది. అంటే ఒక్కో టెస్ట్ ఒక్కో గోడ కట్టిస్తుంది. మీ కేసులన్నీ అయ్యేసరికి లోపల కాపురం ఉండొచ్చు.

మా టీమ్ లీడ్ మౌళి షేక్‌పేటలో పుట్టి పెరిగినవాడు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే, “ఏంది ప్రణతీ, మీ తాత కేసులు పంపిండా, కోపం పంపిండా?” అన్నాడు. హాస్యనటుడి సంగతి విని, “గాయన కొడుకు ఇప్పుడు మన కస్టమరే. జర పేరు తీసెయ్” అన్నాడు. తీసేశాను. మీసాన్ని మాత్రం ఉంచాను.

ప్రోగ్రాములో ఒక్కో నటుడూ, ఒక్కో సెట్టూ, ఒక్కో లొకేషనూ ఒక్కో ఆబ్జెక్ట్, మూతపెట్టిన పెట్టె లాంటిది. ఎవరి డేట్లు వాళ్ల లోపలే దాచుకుంటారు. బయటినుంచి ఎవరూ లోపల చెయ్యిపెట్టి చూడకూడదు. “ఫలానా రోజు వస్తావా?” అని అడగాలి, అంతే. మీ హీరోయిన్ కోసం ‘అమ్మ’ అనే కొత్త ఆబ్జెక్ట్ పెట్టాల్సొచ్చింది. మౌళి పడీపడీ నవ్వాడు. తర్వాత, “నిజంగ గట్లనే ఉంటది” అన్నాడు.

ఇంకో మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. మీ ఉత్తరం మా తాత చేతికే ఇచ్చాడు కొరియర్ అబ్బాయి. కవరు విప్పలేదు. చిరునామా వైపు చూస్తూ కూర్చున్నారు. “మా బావ చేతిరాత ఇంకా వణకలేదే” అన్నారు. మోకాళ్ల నొప్పులతో ఆయన ఇప్పుడు బాల్కనీ దాటడం లేదు. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ చూడ్డమే పని.

కష్టమైన కేసు ఒకటి పంపండి. అందరి కాల్షీట్లూ ముడిపడేది.

మీ
ప్రణతి


కాకినాడ,
2 ఆగస్టు 2024

చిరంజీవి ప్రణతికి,

కష్టమైనది అడిగావు. ఒకటే ఉంది.

కోటిపల్లి రేవులో పంటు నడిపేవాడి కథ. పంటు తెలుసుగా, మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ మేకల్నీ కలిపి ఏరు దాటించేది. అందర్నీ అవతలి ఒడ్డుకి చేర్చడమే వాడి బతుకు. నేను చివరి షాట్ ముందు రాసుకున్నాను. మీ పద్ధతి నాకూ తెలుసన్నమాట, పేరు తెలియదు. చీకటి పడుతుంటే ఒడ్డు మీద ఇంట్లో వాడి భార్య పంటు ఇంజను చప్పుడు వింటుంది. పొయ్యి మీద ఎసరు పెడుతుంది. అంతే. మాట లేదు, పాట లేదు. ఆ షాట్ చేరడానికి ఎంత కథ కావాలో అంతే కథ రాశాను.

మీ మామ్మకి చదివి వినిపించాను. మధురానగర్‌లో అద్దె ఇల్లు, వంటింటి గుమ్మంలో కూర్చుని వింది. “బాగుంది” అని లేచి వెళ్లి పెరుగు తోడేసింది. నాకు ఆ ‘బాగుంది’ చాలు.

ఇక కాల్షీట్లు. హీరో రెండు విడతలుగా ఇచ్చాడు, వేసవి మొదట్లో కొంత, వేసవి చివర కొంత. హీరోయిన్ మధ్యలో ఉంటుంది, హీరో రెండో విడతకీ ఉంటుంది, మొదటి విడతకి ఉండదు. ఇంటి సెట్టు ఫిల్మ్ నగర్‌లో ఒక ఫ్లోరులో వేరే సినిమా కోసం వేసి ఉంది, వేసవి చివర ఖాళీ. పంటు, గోదావరి వరద వచ్చేలోపే. అన్నీ విడిగా కాగితం మీద తారీఖులతో పెట్టాను.

మీ తాత అన్నీ చూసి, “కాల్షీట్లు కలవడం లేదు బావా” అన్నాడు. కలుస్తున్నాయని చూపించాను. నా మొహం చూడకుండా మళ్లీ అదే మాట. ఆ వేసవిలో ఇంకొకడి సినిమా మొదలుపెట్టాడు. నేను ఫిల్మ్ నగర్ వదిలేసి ఈ ఊరొచ్చి సినిమా హాలు మేనేజరునయ్యాను. ఇతరుల సినిమాలకి టిక్కెట్లు చింపించాను.

జవాబు ముందే రాయమన్నావు: కుదురుతుంది. ‘ఎవరివల్ల’ గడి ఖాళీగా వదులు. అందులో రాయాల్సిన పేరు నాకు కంఠతా వచ్చు.

ఇది నవ్వుకోవడానికి పంపలేదు. ఆ మాట అబద్ధమా కాదా నేను పోయేలోగా ఒక్కసారి ఎవరైనా చెప్పాలి. మనుషులు చెప్పరు. నీ యంత్రం చెబుతుందేమో.

తాతయ్య


జూబ్లీ హిల్స్,
16 ఆగస్టు 2024

తాతయ్యకి,

హడావుడిగా రాస్తున్నాను, కొరియర్ వాడు కిందే ఉన్నాడు. మీ కేసు పెట్టాం. ఎర్రగా వచ్చింది! నేనూ మౌళీ భలే సంతోషపడ్డాం, ఇలాంటిది ఇన్నాళ్లూ తగల్లేదు. వివరంగా మళ్లీ రాస్తాను.

ప్రణతి


కాకినాడ,
22 ఆగస్టు 2024

ప్రణతికి,

సంతోషపడ్డారని తెలిసి నేనూ సంతోషించాను. ఎంతైనా వరప్రసాద్ మనవరాలివి. నెత్తురు ఎటు లాగాలో అటే లాగింది.

ఎర్రగా వచ్చిందన్నమాట. ముప్ఫై ఏళ్ల కిందట ఒక నిర్మాత అన్నాడు, ఇప్పుడు ఒక యంత్రం అంటోంది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. బాల్కనీలో కూర్చున్న పెద్దమనిషికి తీపి పెట్టావా?

నీకొకటి చెబుతాను. ఆ వేసవి తర్వాత మీ మామ్మ తమ్ముడి గడప తొక్కలేదు. మీ నాన్న పెళ్లికి కూడా వెళ్లలేదు. వెళ్లొద్దని నేనేమీ కట్టెయ్యలేదు. “నువ్వెళ్లు” అని నేనే అన్నాను. “మీరు లేకుండా నాకేం పని” అంది. శుభలేఖ దేవుడి గదిలో పెట్టింది, పసుపు రాలిపోయేదాకా అక్కడే ఉంది. అదీ పక్షాన నిలబడ్డమంటే. ఈ లోకంలో నాకు జరిగిన అన్యాయాన్ని నాతో సమానంగా మోసింది ఆవిడొక్కతే. నువ్వు దాన్ని ఒక గీతతో కొట్టేశావు.

కేసులు ఇంక పంపను.

సూర్యప్రకాశరావు


జూబ్లీ హిల్స్,
8 సెప్టెంబరు 2024

తాతయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత నా మీదే కోపం వచ్చింది. ఎర్రగీత అంటే మీరు కాదని కాదు తాతయ్యా, ప్రోగ్రాము ఇంకా చాలలేదని. ఒకే మనిషి రెండు విడతలుగా డేట్లిస్తే ఏం చెయ్యాలో దానికి అప్పటిదాకా తెలియదు. మీ కేసు వల్లే తెలిసింది. ఆ సంతోషం నాది. ఆ రెండు ముక్కలు రాయడానికి కొరియర్ వాణ్ణి ఇంకాస్త ఆపాల్సింది.

తర్వాతి వారం పచ్చగా వచ్చింది. కుదురుతుంది. మొదటి విడతలో హీరోతో పంటు, మధ్యలో హీరోయిన్ ఒక్కతే ఒడ్డు మీద, రెండో విడతలో ఇద్దరితో ఇల్లు. ప్రోగ్రాము వేసిన వరస, మీరు కాగితం మీద వేసిన వరస ఒకటే. మౌళి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, “మీ తాత కంప్యూటర్ లేకుంట చేసిండా గిదంతా?” అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆదివారం భోజనాల దగ్గర మా తాతతో చెప్పాను. కొంచెం దెప్పుతున్నట్టే చెప్పాను. ఆయన కంచంలో చెయ్యి ఆగిపోయింది.

“కుదురుతాయని నాకు ఆ రోజే తెలుసు అమ్మలూ. బావ వేసిన షెడ్యూల్ ఎప్పుడు తప్పింది గనక?”

“మరెందుకు ఇవ్వలేదు?” అని అడిగాను.

చెప్పారు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. నేను సర్దను.

“అక్క వచ్చింది. మధురానగర్ నుంచి ఒక్కతే ఆటోలో, ఆఫీసుకి. ఎప్పుడూ రాలేదు అంతకుముందు. ‘ఒరేయ్ ప్రసాదూ, ఆయనకి ఆ సినిమా ఇవ్వకురా’ అంది. అదేంటే, బావ ప్రాణం పెట్టుకున్నాడు కదే అన్నాను. ‘అందుకే. ఇప్పుడే ఔట్‌డోర్లని నెలల తరబడి ఇంటికి రారు. డైరెక్టరైతే ఇంట్లో ఉన్నా ఇంట్లో ఉండరు. నాకు పిల్లాజెల్లా లేరు. ఉన్న మనిషొక్కడు. ఆయన్నీ పంపించేసి నేనెవరితో మాట్లాడుకోనురా’ అంది. ఏం చెప్పమంటావే ఆయనకి అంటే, ‘కాల్షీట్లు కలవలేదని చెప్పు. మీ సినిమావాళ్లకి ఆ మాట అబద్ధంలా వినపడదు’ అంది. తన మీద ఒట్టేయించుకుంది.”

అది చెప్పి మజ్జిగ కలుపుకున్నారు గానీ తినలేదు. తర్వాత అన్నారు, “అక్క పోయింది కదా, ఒట్టు తీరింది, చెప్పేద్దామనే కాకినాడ వెళ్లాను. బావ లోపలికి రమ్మనలేదు. వీధిలో నిలబడి చెప్పే మాటా అది?”

తాతయ్యా, టెస్ట్ పచ్చగా ఉందంటే మనం అడిగినవన్నీ సరిపోయాయని మాత్రమే. అడగనివాటి సంగతి దానికి తెలియదు. హీరోని అడిగాం, సెట్టుని అడిగాం, గోదావరిని కూడా అడిగాం. మామ్మని అడగాలని నాకు తట్టలేదు.

మీకు రాయకుండా ఉండాల్సిందేమో. కానీ చెప్పమని అడిగింది మీరే.

మీ
ప్రణతి


కాకినాడ,
17 నవంబరు 2024

చిరంజీవి ప్రణతికి,

రాశావు, మంచిపని చేశావు. జవాబు ఆలస్యమైంది. మధ్యలో రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఒకటి నీ మీద, ఒకటి మీ తాత మీద. రెండూ బాగానే వచ్చాయి. కానీ చిరునామా తప్పు.

ఈ ఊళ్లో ఫస్ట్ షో వదలగానే ఇంటికి వచ్చేవాణ్ణి. సందు మొదట్లో నా సైకిల్ బెల్లు వినగానే మీ మామ్మ పొయ్యి వెలిగించేది. నేనేమో కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చుని వాళ్ల తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టేవాణ్ణి. ఏళ్ల తరబడి అదే కూర, అదే తిట్టు. ఆవిడ మజ్జిగ పోస్తూ “పోనీలెండి” అనేది. నా బాధ పంచుకుంటోందనుకున్నాను. ఇప్పుడు ఆ ‘పోనీలెండి’ని వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వింటున్నాను. చెవులు పోయినవాడికి అదొక్కటే ఎందుకు వినిపిస్తుందో తెలియదు.

ఒక్కరోజు చెప్పి ఉంటే అరిచేవాణ్ణి. కంచం విసిరేసేవాణ్ణేమో. ఆ తర్వాత? ఆ తర్వాత సంగతి చూసుకునే అవకాశం నాకు ఉండేది. అది కూడా ఇవ్వలేదు. తమ్ముడి గడప తొక్కకుండా తనకి తనే శిక్ష వేసుకుంది, దాన్ని నా పక్షమని నన్ను అనుకోనిచ్చింది. నేను రాసిన చివరి షాట్ విన్న మనిషి. ఎసరు పెట్టే ఆవిడ కథ విన్న మనిషి. “ఇది నేనే” అని ఒక్క మాట అనలేదు. “బాగుంది” అంది.

ప్రసాద్‌ని క్షమించానని మాత్రం చెప్పకు. ఇన్నేళ్ల అలవాటు, ఒక్క ఉత్తరంతో పోదు. మోకాళ్లు సహకరిస్తే రమ్మను. ఈసారి వీధిలో నిలబెట్టను. లోపల నిలబెడతాను. కుర్చీ సంగతి వచ్చాక చూద్దాం.

డబ్బింగ్ థియేటర్ మెట్లు పాతవే అని రాశావు. ఎప్పుడైనా టీ తీసుకుని అక్కడ కాసేపు కూర్చో.

కేసులు పంపనన్నాను. ఇదొక్కటి పంపుతున్నాను, మౌళికి కూడా చూపించు. జవాబు ముందే రాసి పంపాలన్నది మీ నియమం. రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. కుదురుతుందని రాస్తే ఆవిడ ఒంటరిగా కనిపిస్తోంది. కుదరదని రాస్తే పంటు కనిపిస్తోంది, ఒడ్డున ఆగిపోయి. ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఎర్రగానే ఉండనీ. రెండో గడి నింపాను, దాన్ని మార్చకు.

ఆశీస్సులతో,
తాతయ్య
సూర్యప్రకాశరావు

కేసు: ఒక కో-డైరెక్టర్. చేతిలో కథ ఉంది. హీరో వస్తాడు, సెట్టు ఖాళీ అవుతుంది, గోదావరికి ఇంకా వరద రాలేదు. ఇంట్లో భార్య ఉంది. సాయంత్రం అయ్యేసరికి ఆయన ఇంటికి రావాలి ఆవిడకి.

కుదురుతుందా:

ఎవరివల్ల: విశాలాక్షి